పాత క్రెటా పట్టిన షెడ్‌లో కొత్తది పడుతుందా?

అక్కయ్యపాలెం_బండి: 2015లో కొన్న హ్యుందాయ్ క్రెటా కారు మా షెడ్‌లో సరిగ్గా సరిపోయింది, ఇప్పుడు అదే మోడల్ కొత్తది తీసుకుందామంటే గేటు పడదేమోనని మా ఆవిడ టెన్షన్. పేరు అదే, బండి మాత్రం ఎందుకిలా పెరుగుతుంది?

బీచ్‌రోడ్డు_బాబు: పొడవు 2015లో 4270 మి.మీ., 2020లో 4300, 2024లో 4330. ఆరు సెంటీమీటర్లే గురూ, టేపు పెట్టి చూసుకోండి. అసలు పెరుగుదలంటే టొయోటా రావ్4ది, 1994లో మూడు తలుపులది 3.7 మీటర్లు కూడా లేదు, ఇప్పుడు 4.6 దాకా వచ్చింది.

సీతమ్మధార77: వెనక ముగ్గురు పట్టాలి, డిక్కీ పెద్దది కావాలి అని అడిగేది మనమే కదా. పెద్ద బండి కింద కంపెనీ ఇంకో చిన్నది కూడా దింపుతుంది, క్రెటా కింద వెన్యూ వచ్చినట్టు. దాని పొడవు మాత్రం 3995 దగ్గరే ఆగింది, నాలుగు మీటర్లు దాటితే పన్ను ఎక్కువ మరి, అందుకే కొత్త వెన్యూ పక్కకి పెరిగింది, 1770 నుంచి 1800కి.

బీచ్‌రోడ్డు_బాబు: ఆ వెడల్పులో అద్దాలు కలపరు. పూర్ణా మార్కెట్ సందుల్లో తెలుస్తుంది.

అక్కయ్యపాలెం_బండి: కొలిచాను. గేటుకి నాలుగు వేళ్లు మిగిలింది, అద్దాలు మడుచుకోవాల్సిందే.