రెక్కల గుర్రం వెండి నాణెం, ఏ ఊరిదో తేలట్లేదు, కాస్త చూడండి

గోదారిగట్టు: పొద్దున్నుంచి కళ్ళు పీక్కుపోతున్నాయి. మా మావయ్య పోయాక ఆయన ఆల్బమ్ సర్దుతుంటే గ్రీకు వెండి నాణెం ఒకటి దొరికింది, ఒకవైపు రెక్కల గుర్రం ఇంకోవైపు హెల్మెట్ పెట్టుకున్న ఆడమనిషి తల, కవర్ మీద ఆయన రాతలో 'కోరింథ్?' అని ఉంది, పాత గ్రీకు నగరమట. నెట్‌లో కోరింథ్ నాణేలు మూడు గంటలు చూశా, ఒక్కటీ అచ్చంగా కలవట్లేదు. రాత్రికి లిస్టు రాసి అత్తయ్యకివ్వాలి.

కాజా: బరువెంత?

గోదారిగట్టు: చిన్నదేనండి, రూపాయి బిళ్ళంత.

కాజా: సైజు కాదు. బరువు.

వెండిగిన్నె: ముందిది చెప్పండి, తోమలేదు కదా?? విబూది, టూత్‌పేస్టు ఏదీ తగలనివ్వకండి. నా విక్టోరియా రూపాయిని మా ఆవిడ పండక్కి పూజ సామాన్లతో కలిపి తోమేసింది, రాణిగారి ముక్కు అరిగిపోయింది.

గోదారిగట్టు: తోమలేదండీ బాబూ.

బొరుసు: 'ఆడమనిషి' ఏంటండీ, ఆవిడ ఎథీనా, గ్రీకుల యుద్ధదేవత. గుర్రం పెగాసస్, పెర్సియస్ అనే వీరుడు మెడూసా అనే రాక్షసి తల నరికితే పుట్టింది. కోరింథ్‌లో పైరీనీ ఊట దగ్గర నీళ్ళు తాగుతుంటే బెల్లెరొఫోన్ అనే ఇంకో వీరుడు పట్టుకున్నాడు, కళ్ళెం ఇచ్చింది ఎథీనా, అందుకే గుర్రం, ఆవిడ ఒకే నాణెం మీద. గ్రీకులు ఈ నాణేల్ని గుర్రప్పిల్లలు అనేవాళ్ళు, ఏథెన్స్ వాటిని గుడ్లగూబలు అన్నట్టు. ఇంకోటి, గుర్రం వైపు బొమ్మ, తల వైపు బొరుసు.

పాతసంచి: తలుంటే బొరుసేంటి స్వామీ, ఎప్పుడూ టాస్ వెయ్యలేదా

బొరుసు: అది క్రికెట్. కేటలాగుల్లో వీటికి గుర్రమే ముందువైపు.

పాతసంచి: ఆవిడ ప్రేమదేవత ఆఫ్రొడైటీ అనేవాళ్ళూ ఉన్నారు, కోరింథ్ కొండ మీద గుడి ఆవిడదే.

బొరుసు: హెల్మెట్‌తో ఆఫ్రొడైటీనా 🙂

పాతసంచి: ఆ గుడిలో విగ్రహం ఆయుధాలతోనే ఉందని పాతకాలపు గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. చదవండి.

కాజా: గుర్రం కింద అక్షరం ఏంటి?

గోదారిగట్టు: అక్షరమా? ఇంగ్లీషు వి తిరగేసినట్టు ఏదో ఉంది, గీసుకుపోయిందేమో అనుకున్నా.

కాజా: లాంబ్డా అది, గ్రీకు 'ల', ఊరి పేరులో మొదటక్షరం. లెవ్కాస్. కోరింథ్‌దైతే పాత గ్రీకు 'క', కొప్పా ఉంటుంది, సున్నా కింద పుల్ల గుచ్చినట్టు. లెవ్కాస్ కోరింథ్ వాళ్ళ వలస ఊరే, అదే గుర్రం, అదే బరువు, 8.6 గ్రాములకి కాస్త అటూఇటూ. తూచు, బాగా తేడా ఉంటే నకిలీ అవ్వచ్చు.

వెండిగిన్నె: అంచులు పట్టుకుని తూచండి, చేతి చెమట అంటకుండా.

గోదారిగట్టు: వంటింటి కాటా 9 చూపిస్తోంది, పాయింట్లు రావు దీంట్లో. సరే లెవ్కాస్ అని రాసేశా, థాంక్సండీ, అత్తయ్య పిలుస్తోంది.

పాతసంచి: బొరుసు గారూ, పౌసానియస్ రెండో పుస్తకం. చూశారా?