బానెట్ మీద పెయింట్ పెచ్చులు: ఇంట్లో దిద్దుకోవాలా, షెడ్డుకు ఇవ్వాలా?

కోనసీమ_కారు:
216 హైవే మీద కంకర లారీ వెనకాల వస్తుంటే రాళ్లు తగిలి బానెట్ అంచున ఆవగింజంత పెచ్చులు ఊడాయండి. ఒకచోట రేకు మెరుస్తోంది, మిగతా చోట్ల గ్రే రంగు కనబడుతోంది. అమలాపురంలో షెడ్డాయన బానెట్ మొత్తానికి మళ్లీ పెయింట్ కొట్టాల్సిందే అంటాడు. మా బావేమో టచప్ పెన్ (మూతకి బ్రష్ ఉన్న చిన్న రంగు సీసా) చాలంటాడు. ఎవరి మాట వినను?

కాకినాడ_డీజిల్:
షెడ్డాయన మాటే వినండి. పెన్నుతో దిద్దితే మచ్చ పోదు, రంగు మారుతుందంతే. మెటాలిక్ అయితే మరీను. స్ప్రే గన్‌తో కొడితే రంగులోని మెరుపు పొడి సమంగా పరుచుకుంటుంది, బ్రష్‌తో పెడితే ముద్దగా పడుతుంది. ఇన్సూరెన్సు ఉందిగా, క్లెయిమ్ పెట్టేయండి.

భీమవరం_రొయ్య:
ఈ మాత్రం దానికి క్లెయిమా! 1500 సీసీ లోపు కారైతే మొదటి 1000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నెట్టుకొస్తే ఓన్ డ్యామేజీ (మన కారుకి జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గింపు అది.

అయినా ఇక్కడ సమస్య అందం కాదండి, తుప్పు. మా ఉప్పుచెరువుల గాలికి గేటు బోల్టులే ఆగవు. రేకు తేలిన చోట మొదలై పెయింటు కిందకి పాకేస్తుంది. పైన బుడగ లేచాక ఇక షెడ్డే గతి.

కలర్ కోడ్ డోరు పక్కనో, బానెట్ లోపలో స్టిక్కరు మీద ఉంటుంది, అది చూసే పెన్ను కొనండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మైనం, జిడ్డు తుడవండి. తుప్పు కనబడితే సన్న ఎమరీ పేపరుతో గీకేయండి. రేకు ఉన్నచోట మాత్రమే ప్రైమర్ (రంగు కింద వేసే పూత), గ్రే ఉన్నచోట అది ఇంకా ఉన్నట్టే, నేరుగా రంగు. సీసా మూతకున్న బ్రష్ ఈ పనికి లావు. టూత్‌పిక్ కొసతో పలుచగా చుక్క పెట్టి, ఆరాక మళ్లీ పెట్టండి. ఆరితే కుంగుతుంది మరి. చివర్లో క్లియర్ కోటు, అంటే రంగులేని పై పూత.

కాకినాడ_డీజిల్:
ఈ ముసురులోనా? తేమకి క్లియర్ తెల్లగా మసకబారదూ?

భీమవరం_రొయ్య:
తెరిపి ఇచ్చిన రోజున, నీడలో. కాలే బానెట్ మీద కూడా పెట్టకూడదు.

తణుకు_సెకండ్స్:
పాత కార్లు కొని అమ్మేవాణ్ణి, ఒక మాట. కంపెనీ పెయింట్ మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మేం మందం కొలిచే మీటరు పెట్టినప్పుడు ఒక్క బానెట్ మీదే అది ఎక్కువొస్తే, మళ్లీ పెయింట్ కొట్టించారని తెలిసిపోతుంది, "ఎక్కడ గుద్దారండీ?" అనే అడుగుతాం. రాయి చుక్కలు దిద్దుకున్నారని ఎవరూ రేటు తగ్గించరు. రేకు సొట్టపోయినా, పెచ్చు గోరంత దాటినా షెడ్డుకే ఇవ్వండి.

కోనసీమ_కారు:
అయితే ముందు రేకు తేలినదాని సంగతి చూస్తా. బంపర్ మీద కూడా రెండున్నాయి.

భీమవరం_రొయ్య:
ప్లాస్టిక్‌కి తుప్పేంటండీ, వదిలేయండి.

కాకినాడ_డీజిల్:
దిద్దాక ఎండలో ఫొటో తీసి పెట్టండి. నీడలో తీస్తే ఒప్పుకోను.