పల్స్ మొత్తం దాచాలా? ఎఫ్‌పీజీఏ ఇచ్చే ఎనర్జీ, టైమ్ చాలా?

జర్మేనియంప్రియ: 32 జర్మేనియం డిటెక్టర్ల (గామా కిరణాల ఎనర్జీ కొలిచేవి) ప్రయోగానికి డాక్ (డేటా సేకరించే వ్యవస్థ) సిద్ధం చేస్తున్నాం. ఎఫ్‌పీజీఏలోనే (బోర్డు మీది ప్రోగ్రామబుల్ చిప్) ట్రెపిజాయిడల్ ఫిల్టర్ (పల్స్ ఎత్తు నుంచి ఎనర్జీ లెక్కించే పద్ధతి) నడిపి ఎనర్జీ, టైమ్‌స్టాంప్ రాసుకుంటే చాలని సగం మంది, ముడి పల్స్ (సిగ్నల్ మొత్తం ఆకారం) కావాలని మిగతావాళ్లు అంటున్నారు. మీరేమంటారు?

బీమ్‌లైన్: లెక్క వేయండి. సెకనుకు 100 మెగాశాంపుల్స్ వేగంతో 10 మైక్రోసెకన్ల పల్స్ అంటే 1000 శాంపుల్స్, 2 కిలోబైట్లు. ఛానెల్‌కు సెకనుకు 20,000 పల్స్‌లొస్తే 32 ఛానెళ్లకు సెకనుకు దాదాపు 1.3 గిగాబైట్లు. ఈవెంట్‌కు 16 బైట్లే రాస్తే 10 మెగాబైట్లు. పల్స్‌లు కావాలన్నవాళ్ల మాట విని ఒకసారి డిస్కులు నిండి రన్ ఆపేశాం. పోయిన బీమ్ టైమ్ (యాక్సిలరేటర్ మీద మాకిచ్చిన సమయం) మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

ముడిపల్స్: డిస్కు ఇంకోటి కొనొచ్చు. పారేసిన పల్స్‌ను ఎక్కణ్నుంచి తెస్తారు? మాకు ఫిల్టర్‌లో ప్రీయాంప్ (డిటెక్టర్ సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్) డికే టైమ్ (పల్స్ తగ్గడానికి పట్టే కాలం) తప్పుగా పెట్టారు. కౌంట్ రేటు పెరిగేకొద్దీ ఎనర్జీ పీకులకు తోకలొచ్చాయి. సరిదిద్దుదామంటే ముడి డేటా లేదు. నా థీసిస్‌లో ఒక అధ్యాయం అక్కడే పోయింది.

బీమ్‌లైన్: డికే టైమ్ ముందే ఆసిల్లోస్కోప్‌లో చూసుకోవాలి. అది సెటప్ లోపం.

ముడిపల్స్: పైలప్ (ఒక పల్స్ మీద ఇంకోటి పడటం) సంగతో? ఫిల్టర్‌కు రైజ్ (ఎక్కే వాలు) 5, ఫ్లాట్ టాప్ (చదును పైభాగం) 1 మైక్రోసెకను పెడితే, మీ 20,000 రేటులోనే నూటికి 11 పల్స్‌ల వెనక 6 మైక్రోసెకన్లలోపు ఇంకోటి వస్తుంది.

బీమ్‌లైన్: రైజ్ 2కి తగ్గించండి.

ముడిపల్స్: రిజల్యూషన్ (దగ్గరి ఎనర్జీలను విడదీసే శక్తి) పోతుంది. జర్మేనియం వాడేదే దానికోసం కదండీ!

న్యూట్రాన్‌గామా: మా లిక్విడ్ సింటిలేటర్లలో (రేడియేషన్ తగిలితే మెరిసే ద్రవ డిటెక్టర్లు) పల్స్ తోక ఇంటిగ్రల్, మొత్తం ఇంటిగ్రల్ బోర్డే ఇస్తుంది. వాటి నిష్పత్తితోనే న్యూట్రాన్‌, గామా విడదీస్తున్నాం.

బీమ్‌లైన్: అదే నేనూ చెప్తున్నది. ముడిపల్స్ గారూ, మీ థీసిస్ బాధ అందరి ఎఫ్‌పీజీఏల మీదా రుద్దకండి.

ముడిపల్స్: రుద్దుతాను. ఎఫ్‌పీజీఏను నడిపే ఆ ఫర్మ్‌వేర్ రాసినాయన కోడ్ చూపించలేదు. ఏ రన్‌కు ఏ పారామీటర్ పెట్టారో ఫైల్లో లేదు. అడిగితే నమ్మమన్నారు. గిగాబైట్లతో నాకు పేచీ లేదు. సరిచూసుకునే వీల్లేని నంబరుతో పేపర్ రాయమంటే రాయలేను.

బీమ్‌లైన్: కోడ్ అందరికీ తెరిస్తే, రన్ మధ్యలో ఎవరో థ్రెషోల్డ్ (పల్స్‌గా లెక్కించే కనీస ఎత్తు) మార్చేశారు. ఎవరో నేటికీ తేలలేదు. అందుకే తాళం వేస్తాం.

ముడిపల్స్: చదవడానికి ఇవ్వండి. మార్చే హక్కు ఎవరడిగారు?

జర్మేనియంప్రియ: పారామీటర్లు ప్రతి రన్ ఫైల్లో రాసి, నూటికొక పల్స్, పైలప్ అయినవన్నీ ముడిగా దాచితే?

బీమ్‌లైన్: నూటికొకటి అంటే సెకనుకు 13 మెగాబైట్లు, సరే. పైలప్‌వన్నీ అంటే కనీసం ఇంకో 140. అవి వద్దు.

ముడిపల్స్: నాకు కావాల్సినవే అవి.