సవొనరోలా మనుషుల్ని తెలుగులో ఏమనాలి?

ఒక సభ్యుడి ప్రశ్న: ఫ్లారెన్స్ మతసంస్కర్త సవొనరోలా మీద వ్యాసం రాస్తున్నాను. ఆయన్ని నమ్మినవాళ్లని ఇటాలియన్‌లో 'పియాన్యోని' అనేవారట. 'అనుచరులు' అని రాస్తే చాలా? 'విలాపకులు' అనాలా?

నా జవాబు: దయచేసి 'అనుచరులు' అని మాత్రం రాయకండి. 'పియాన్యోని' వాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు, గిట్టనివాళ్లు అంటించిన తిట్టు. పియాన్జెరె అంటే ఏడవడం. చివర ఉన్న 'ఓనె' ఆ పనిని పెద్దది చేసి చూపించే ప్రత్యయం, తిండిపోతులో 'పోతు' లాంటిది. బహువచనంలో అది 'ఓని' అవుతుంది. నా ఓటు 'ఏడుపుగొట్టులు'కే. 'విలాపకులు' అనగానే లేని గౌరవం వచ్చేస్తుంది. ఇది వీధిలో అరిచిన మాట.

ఆ ఏడుపు కూడా ఊరికే కల్పించింది కాదు. ఆయన ప్రసంగాలని విన్నవి విన్నట్టు రాసుకున్న లొరెంజో వియోలి అనే నోటరీ, కొన్నిచోట్ల ఏడుపు ఆగక ఇక రాయలేకపోయానని అక్కడే రాసిపెట్టాడు. 1494లో ఫ్రెంచి రాజు ఎనిమిదో ఛార్లెస్ సైన్యంతో దిగాడు, ఫ్లారెన్స్‌ని ఏలుతున్న మెదీచీ కుటుంబం ఊరొదిలి పారిపోయింది. శిక్ష రాబోతోందని సాన్ మార్కో మఠాధిపతి సవొనరోలా ముందునుంచీ చెబుతున్నదే జరిగిందని జనం నమ్మారు. ఆ భయంలోంచి వచ్చిన కన్నీళ్లని ఎదుటిపక్షం ఎగతాళిగా మార్చింది.

ఎదుటిపక్షానికీ పేర్లున్నాయి. వాటిని కూడా వదలకండి. 'అర్రాబియాతి' అంటే కోపిష్టులు అని డిక్షనరీ చూసి రాసేస్తారు. కానీ రాబియా అంటే కుక్కలకి పట్టే వెర్రి కూడా. 'వెర్రెత్తినవాళ్లు' అంటే రెండర్థాలూ దక్కుతాయి. ఇక 'కొంపన్యాచ్చి' డబ్బున్న ఇళ్ల కుర్రాళ్ల గుంపు. విందులు, జూదం, పందేల మీద ఆయన పెట్టించిన ఆంక్షలు వాళ్లకి అస్సలు గిట్టలేదు. 'పోకిరీ మూక' అనొచ్చు. మెదీచీలు తిరిగి రావాలని లోలోపల కోరుకునేవాళ్లని 'బీజీ', అంటే బూడిదరంగువాళ్లు అన్నారు.

మరొకరి ప్రశ్న: అంటే ఊరు నిలువునా రెండుగా చీలిపోయిందన్నమాట?

కాదు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇక్కడే ఉంది. పేర్లని చూస్తే పక్షాలు గోడ కట్టినట్టు కనిపిస్తాయి, మనుషులు మాత్రం అటూ ఇటూ కదిలారు. తత్త్వవేత్త మార్సీలియో ఫిచీనో 1494లో సవొనరోలాని దేవుడు పంపినవాడిగా పొగిడాడు, 1498లో క్రీస్తు విరోధి అని రాశాడు. తర్వాత రాజనీతి రచయితగా పేరుపడ్డ మాకియవెల్లికి అప్పుడు ఇంకా ముప్పై నిండలేదు. 1498 మార్చిలో ప్రసంగాలు విని, ఈయన కాలాన్ని బట్టి మాట మారుస్తూ అబద్ధాలకి రంగు పూస్తున్నాడని ఉత్తరం రాశాడు. ఏడ్చినవాళ్లలో ఆయన లేడు, వెర్రెత్తినవాళ్లలోనూ లేడు.

మందుల దుకాణం నడుపుకునే లూకా లాందూచి రాసుకున్న డైరీ నన్ను ఎక్కువ కదిలించింది. ఆయన సవొనరోలాని మనసారా నమ్మాడు. ఫ్లారెన్స్ కొత్త జెరూసలేం అవుతుందని ఎదురుచూశాడు. 1498 ఏప్రిల్‌లో సవొనరోలాని చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగి హింసించి, తాను ప్రవక్తని కాదనే ఒప్పుకోలు తీసుకున్నారు. దాన్ని మహాసభ హాల్లో చదివినప్పుడు లాందూచి అక్కడే ఉన్నాడు. అంత పెద్ద నమ్మకం ఒక్కసారిగా కూలిపోతుంటే గుండె రగిలిందని రాసుకున్నాడు. ఆయన్ని ఏ పేరు కింద వేస్తాం? 'అనుచరుడు' అని రాస్తే ఆ బాధ కనిపించదు. ఏడుపుగొట్టు అని ఊరంతా వెక్కిరించినవాళ్లలో ఒకడని తెలిస్తేనే ఆయన పోగొట్టుకున్నది ఎంతో అర్థమవుతుంది.

అదే సభ్యుడు మళ్లీ: ఒక గంటకి కూడా ఈ పేరుందని విన్నాను, నిజమేనా?

నిజమే. సాన్ మార్కో గంట పేరు 'లా పియాన్యోనా', అదే మాటకి స్త్రీలింగం. 1498 ఏప్రిల్ 8న గుంపు మఠం మీద పడినప్పుడు ఆ గంట మోగించే ఆపద అని చాటారు. మే 23న సవొనరోలానీ మరో ఇద్దరు సన్యాసుల్నీ సిన్యోరియా కూడలిలో ఉరితీసి, కాల్చి, బూడిదని ఆర్నో నదిలో కలిపారు. తర్వాత గంటని కిందికి దించి బండి మీద ఊరేగిస్తూ కొరడాతో కొట్టించారు, ఊరవతలికి వెలివేశారు. అది తిరిగొచ్చింది 1509లో. ఒక గంటని మనిషిలా శిక్షించారంటే ఆ పేరు మీద ఎంత కసి ఉండాలి!

వ్యాసానికి పనికొచ్చే మాట ఇంకొకటి. ఆయనతోపాటు ఆ పేరు పోలేదు. 1527లో మెదీచీలని మళ్లీ వెళ్లగొట్టాక పియాన్యోని బలం పుంజుకున్నారు. 1528లో క్రీస్తునే ఫ్లారెన్స్ రాజుగా ప్రకటించారు. ఇవాళ చరిత్రకారులు ఆ పేరుని తిట్టు అన్న ధ్యాస లేకుండా మామూలుగా వాడేస్తున్నారు. అందుకని మీరు మొదటిసారి రాసినచోట 'ఏడుపుగొట్టులు, అంటే పియాన్యోని' అని ఒక వాక్యంలో కథ చెప్పి, తర్వాత అంతా పియాన్యోని అనే ఉంచితే బాగుంటుంది.