రేంజ్‌కీ ఇంటికీ ఒకే ఏఆర్ పిస్టల్ సరిపోతుందా?

ఫ్రిస్కో_పాండు

అందరికీ నమస్తే. ఉండేది డాలస్ పక్కన, గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాదిన్నర. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లూ గన్ జోలికి పోలేదు, ఇప్పుడు ఒకటి కొందామని ఉంది. పోయిన నెల ఆఫీసులో ఒకాయన షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి తన ఏఆర్ పిస్టల్ (ఏఆర్ రైఫిల్‌నే పొట్టి బ్యారెల్‌తో పిస్టల్‌గా చేసింది) చేతికిచ్చాడు. పదిన్నర అంగుళాల బ్యారెల్, 5.56 ఎంఎం రైఫిల్ తూటా, వెనక బ్రేస్ (ముంజేతికి ఆనించుకునే పట్టు), పైన రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపేది). అక్కడే అద్దెకి తీసుకున్న 9 ఎంఎం పిస్టల్‌తో ఏడు గజాల్లో నా గుండ్లు అన్నం పళ్లెమంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి, దీంతో పాతిక గజాల్లో కాఫీ గ్లాసు మూతంత చోట పడ్డాయి. అప్పటి నుంచి అదే ధ్యాస.

ఇంకో కారణం కూడా ఉంది. మా వీధిలో రెండిళ్ల అవతల మనవాళ్లింట్లో దొంగలు పడ్డారు. పండక్కి గుడికెళ్లి వచ్చేసరికి బీరువాలో బంగారం మొత్తం ఖాళీ. ఆ రోజు నుంచి మా ఆవిడకి నిద్ర లేదు, ఫ్రిజ్ మోత మారినా నన్ను లేపుతుంది. పిల్లలకి తొమ్మిదేళ్లు, ఆరేళ్లు, వాళ్ల గది మా గదికి సరిగ్గా ఎదురు.

షాపులో ఏడున్నర అంగుళాల బ్యారెల్‌ది ఒకటి చూపించారు. ముద్దుగా ఉంది, బ్యాక్‌ప్యాక్‌లో పడుతుంది, ధర కూడా తక్కువ. రేంజ్‌కీ ఇంటి రక్షణకీ ఇదొక్కటే చాలుతుందా? బ్రేస్ విషయంలో ఏదో గొడవ జరిగిందని విన్నాను, ఇప్పుడు లీగలేనా? డిసెంబర్‌లో అత్తమామలు విజయవాడ నుంచి ఆరు నెలలకి వస్తున్నారు, మామయ్య కాలేజీలో ఎన్‌సీసీలో రైఫిల్ కాల్చారట, ఆయన్ని కూడా ఒకసారి రేంజ్‌కి తీసుకెళ్లాలని నా సరదా.

బందరు_లడ్డు

తమ్ముడూ, ముందు ఆ ఏడున్నర అంగుళాలది పక్కన పెట్టేయ్. నేను అలాంటిదే ఒకటి కొని ఎనిమిది నెలలు వాడి అమ్మేశాను, నా డబ్బులతో నేర్చుకున్నది నీకు ఊరికే చెప్తున్నా.

5.56 తూటా సైన్యం వాడిన ఎం16 రైఫిల్ లాంటి 20 అంగుళాల బ్యారెల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది. తూటాలోని పేలుడు మందంతా కాలి గుండుని తొయ్యడానికి ఆ పొడుగు కావాలి. 55 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు 20 అంగుళాల్లోంచి సెకనుకి 3,200 అడుగుల పైచిలుకు వేగంతో వస్తుంది, పదిన్నరకి వస్తే 2,700 దరిదాపుల్లో, ఏడున్నరకి వస్తే 2,300 చుట్టుపక్కల. ఆ గుండు తగిలిన చోట ముక్కలై ఆగిపోవడమన్నది వేగం మీద ఆధారపడ్డ సంగతి, వేగం తగ్గితే అది చిన్న సూదిలాగా దూసుకుపోతుంది. మరి కాలని మందు ఏమవుతుందంటే బ్యారెల్ బయట, నీ మొహానికి రెండడుగుల దూరంలో మండుతుంది. పగలు రేంజ్‌లో అది చూడ్డానికి దీపావళి, వీడియో తీసుకుంటాం. అర్ధరాత్రి చీకటి నడవలో, చెవులకి ఏమీ లేకుండా అదే కాల్చావనుకో. 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఒక్కసారి చాలు చెవి పాడవడానికి, ఇది 160 దాటుతుంది. పైగా నాలుగు గోడల మధ్య ఆ దెబ్బ ఛాతీ మీద కూడా తెలుస్తుంది.

ఇంకోటి, బ్యారెల్ మరీ పొట్టిదైతే గ్యాస్ సిస్టమ్ (పేలిన గ్యాస్‌తో తర్వాతి తూటా ఎక్కించే ఏర్పాటు) తొందరపడుతుంది. గుండు గ్యాస్ రంధ్రం దాటి బయటపడే వరకూ ఉండే సమయం చాలా తక్కువ, కాబట్టి తయారుచేసేవాళ్లు రంధ్రం పెద్దది పెడతారు, బోల్ట్ విసురుగా వెనక్కొస్తుంది, పార్టులు త్వరగా అరుగుతాయి. నాది ఒక కంపెనీ తూటాలు తినేది, ఇంకో కంపెనీవి కక్కేది. పదిన్నర, పదకొండున్నర దగ్గర ఈ తలనొప్పి చాలా తగ్గుతుంది. 5.56 మీదే మనసుంటే అక్కడి నుంచి మొదలుపెట్టు.

పొట్టిదే కావాలంటే 300 బ్లాకౌట్ (ఏఆర్‌లో వాడే ఇంకో రకం తూటా) చూడు, తొమ్మిది అంగుళాల్లోనే మందు దాదాపుగా కాలిపోతుంది. కానీ తూటా ఖరీదు. 9 ఎంఎం కన్నా 5.56 సుమారు రెట్టింపు, దానికన్నా 300 ఇంకా ఎక్కువ. ఒక ముఖ్యమైన జాగ్రత్త: 300 తూటాలు, 5.56 తూటాలు ఒకే మ్యాగజైన్‌లో (తూటాలు నింపే డబ్బా) పడతాయి. 300 తూటా పొరపాటున 5.56 గన్‌లోకి వెళ్లి పేలిందంటే గన్ చేతిలోనే ముక్కలవుతుంది. రెండూ ఇంట్లో పెట్టుకునేవాళ్లు మ్యాగజైన్లకి రంగు టేపు చుట్టుకుంటారు, నేనైతే అసలు రెండూ పెట్టుకోను.

రేంజ్ రూల్స్ కూడా కనుక్కో. చాలా ఇండోర్ రేంజ్‌ల్లో తూటాకి అయస్కాంతం పెట్టి చూస్తారు, లోపల ఉక్కు ఉండే పచ్చ ముక్కు ఎం855 లాంటివి రానివ్వరు. బ్యారెల్ చివర మజిల్ బ్రేక్ (గ్యాస్‌ని పక్కలకి చిమ్మే ముక్క) ఉన్నది తీసుకోకు, పక్క లేన్‌లో వాళ్లు నిన్ను తిట్టుకుంటారు.

పెద్దబ్బాయి_ప్లేనో

లడ్డు గారు గన్ సంగతి చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను. నేను లాయర్ని కాను, గ్రీన్ కార్డ్ మీద ఆరేళ్లు గన్ ఉంచుకున్నవాణ్ణి.

బ్రేస్: 2023 జనవరిలో ఏటీఎఫ్ (గన్ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) వాళ్లు బ్రేస్ ఉన్న పిస్టళ్లని దాదాపు అన్నిటినీ పొట్టి రైఫిళ్ల కింద లెక్కగట్టే రూల్ తెచ్చారు. 2024 జూన్‌లో ఇక్కడి ఫోర్ట్ వర్త్ ఫెడరల్ జడ్జి దాన్ని కొట్టేశారు. టెక్సస్‌లో అందరూ మామూలుగా కొంటున్నారు. కానీ బ్రేస్ తీసి మామూలు రైఫిల్ స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) బిగించావంటే అది పొట్టి రైఫిల్ అయిపోతుంది. 16 అంగుళాలకి తక్కువ బ్యారెల్ ఉన్న రైఫిల్‌కి 1934 నాటి చట్టం కింద ముందే రిజిస్ట్రేషన్ కావాలి. 200 డాలర్ల ట్యాక్స్ 2026 జనవరి 1 నుంచి సున్నా చేశారు, నిజమే, కానీ వేలిముద్రలు, ఫోటో, అప్రూవల్ వచ్చేదాకా ఆగడం, అవేం పోలేదు. ట్యాక్స్ లేదు కదా అని కాగితం కూడా అక్కర్లేదనుకునేవాళ్లని చూస్తున్నాను. అలాగే పిస్టల్ ముందు భాగంలో నిలువు పట్టు బిగించకు, పొడవు 26 అంగుళాలకి తక్కువైతే అది అదే చట్టం కింద రిజిస్టర్ చెయ్యాల్సిన ఇంకో కేటగిరీలోకి పోతుంది. ఆన్‌లైన్‌లో ఇరవై డాలర్లకి దొరికే ప్లాస్టిక్ ముక్క అది.

కాగితం లేకుండా దొరికితే సిటిజన్‌కి ఇది ఫెడరల్ కేసు. మనకి కేసుతో పాటు గ్రీన్ కార్డ్ కూడా పోవచ్చు. గన్ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లని దేశం నుంచి పంపించేయడానికి ఇమ్మిగ్రేషన్ చట్టంలో విడిగా ఒక క్లాజే ఉంది. అందుకే నా సలహా, సిటిజన్‌షిప్ వచ్చేదాకా బ్రేసూ గీసూ లేకుండా 16 అంగుళాల బ్యారెల్‌తో ఉండు. కొలత టేపు పెట్టుకుని బతకాల్సిన అవసరం ఏముంది?

ఇక మీ మామయ్య. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు గన్ గానీ తూటా గానీ చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ నేరమే. ఎవరి గన్ అయినా, రేంజ్ అయినా. దీనికి మినహాయింపు ఉంది, అమెరికాలో ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే పర్వాలేదు. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు అమ్ముతారు, 1971 సెప్టెంబరు 2కి ముందు పుట్టినవాళ్లకి ఇక్కడ హంటర్ క్లాసు కూడా అక్కర్లేదు. జీవితంలో చీమని చంపని మా నాన్న పేరు మీద కూడా వేట లైసెన్స్ ఉంది, ఫ్రేమ్ కట్టించుకుంటానంటారు. అది లేకుండా రేంజ్‌కి తీసుకెళ్లకు, ఇంట్లో సేఫ్ కోడ్ కూడా వాళ్లకి చెప్పకు.

ఎడిసన్_శీను

నాదో చిన్న మాట. రేపు జాబ్ మారి న్యూజెర్సీ రావాల్సి వస్తే? ఇక్కడ పిస్టల్ కొనాలంటే ఒక్కోదానికి పోలీసుల దగ్గర పర్మిట్, మ్యాగజైన్‌లో 10 గుండ్లకి మించకూడదు, ఏఆర్ పిస్టల్ అయితే మర్చిపోవడమే. మా ఫ్రెండ్ ఒకడు హ్యూస్టన్ నుంచి వస్తూ సగం ధరకి అమ్ముకుని ఏడ్చుకుంటూ వచ్చాడు.

ఆస్టిన్_పద్మ

మా ఇంట్లో గన్ కొన్నది నేను, మా ఆయన కాదు. ఆయనకి నైట్ షిఫ్టులు ఉండేవి.

పాండు గారూ, మీరు రాసిన పోస్టులో మీ ఆవిడ భయపడుతోంది అని ఉంది గానీ ఆవిడ ఆ గన్ పట్టుకుని చూసిందా అని లేదు. మీరు ఊళ్లో లేని రాత్రి దాన్ని ఆవిడే తియ్యాలి కదా. పొట్టి 5.56 మొదటిసారి కాలిస్తే చాలామంది రెండో గుండు ముందు కళ్లు మూసుకుంటారు, నేనూ మూశాను. నేను చివరికి తీసుకున్నది 9 ఎంఎం కార్బైన్ (పిస్టల్ తూటా కాల్చే తేలికపాటి రైఫిల్), రూగర్ పీసీ కార్బైన్. 16 అంగుళాల పైన బ్యారెల్ కాబట్టి కాగితాల గొడవ లేదు, భుజానికి ఆనుతుంది, కుదుపు తక్కువ, రెండు ముక్కలుగా విడదీస్తే బ్యాగులో పడుతుంది, ప్రాక్టీసు తూటాలు చవక. మీకు ఆ రోజు గురి కుదిరింది ఏఆర్ వల్ల కాదనుకుంటా, మూడు చోట్ల పట్టు దొరకడం వల్ల, రెడ్ డాట్ వల్ల. ఆ రెండూ ఇందులోనూ ఉంటాయి.

గోడల సంగతి చెప్పాలి. ఇక్కడి ఇళ్లు మన ఊళ్లో లాగా ఇటుక గోడలు కావు, చెక్క ఫ్రేముకి రెండు వైపులా డ్రైవాల్ (పల్చటి జిప్సమ్ పలక). మనిషిని ఆపగలిగే ఏ గుండైనా దాన్ని దాటుతుంది. తేలికపాటి 5.56 గుండ్లు గోడలు దాటుతూ 9 ఎంఎం కన్నా ముందే పల్టీలు కొట్టి బలం కోల్పోతాయంటారు, అది నిజమే, కానీ మీ పిల్లల గది ఎదురుగా ఉందన్నారు, ఒక్క గోడ. ఏ తూటా అన్న ప్రశ్న కన్నా ఎటు నిలబడి ఎటు కాలుస్తామన్నది ముందు తేల్చుకోవాలి. మేం ఖాళీ ఇంట్లో ఒక శనివారం నడిచి చూశాం. మా ప్లాన్, పిల్లల గదిలోకి వెళ్లి తలుపేసుకుని 911కి చేసి, తలుపు వైపు చూస్తూ కూర్చోవడం. ఇల్లంతా వెతకడానికి వెళ్లేది లేదు.

సేఫ్ ముందు కొనండి, గన్ తర్వాత. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేస్తే అదే నేరం, ఎవరికైనా తీవ్రంగా గాయమైతే కేసు ఇంకా పెద్దది. మంచం పక్కన చేత్తో తడిమి తెరిచే రకం సేఫ్ పెట్టుకున్నాం, అందులోనే ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్స్, టార్చ్.

బంగారం గురించి ఒక మాట. ఇలాంటి దొంగతనాలు ఎక్కువగా ఇంట్లో ఎవరూ లేనప్పుడే జరుగుతాయి, మీ వీధిలో జరిగిందీ అదే కదా. అప్పుడు మీ ఏఆర్ పిస్టల్‌ని కూడా బంగారంతో పాటు పట్టుకుపోతారు. బ్యాంక్ లాకర్ తీసుకుని, ఆ ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మానేస్తే మీ ఆవిడకి సగం నిద్ర అక్కడే వస్తుంది.

బందరు_లడ్డు

పద్మ గారితో నాకు ఒక్క చోట పేచీ ఉంది, 16 అంగుళాల కార్బైన్‌తో ఇరుకు నడవలో మలుపు తిరగడం తేలిక కాదు. కానీ గదిలో కూర్చుని తలుపు చూస్తున్నప్పుడు మలుపులెక్కడివి, ఆ లెక్కన ఆవిడదే రైటు.

ఏది కొన్నా ఒకటి గుర్తుపెట్టుకో. ఏఆర్ మీద డాట్ బ్యారెల్‌కి రెండున్నర అంగుళాల పైన ఉంటుంది. యాభై గజాలకి జీరో చేసుకుని (ఆ దూరంలో గుండు సరిగ్గా డాట్ మీద పడేలా సర్దుకుని) ఇంట్లో ఏడు గజాల్లో కాలిస్తే గుండు డాట్ కన్నా రెండంగుళాలు కింద పడుతుంది. రేంజ్‌లో ఆ దూరంలో కూడా కొట్టి చూసుకో.

ఫ్రిస్కో_పాండు

అందరికీ చాలా థ్యాంక్స్. ఏడున్నరది డ్రాప్. ఈ శనివారం మా ఆవిడని తీసుకెళ్తున్నా, 9 ఎంఎం కార్బైన్ అద్దెకి దొరికే రేంజ్ ఒకటి చూశాను, ముందు తనే కాల్చాలని షరతు పెట్టింది. లాకర్‌కి బ్యాంకులో వెయిటింగ్ లిస్ట్‌లో పేరు రాయించాను. పదకొండున్నర అంగుళాల 5.56 మీద ఆశ మాత్రం చావలేదు, సిటిజన్‌షిప్ తర్వాత చూసుకుంటా. వచ్చే నెల మూడు వారాలు హైదరాబాద్ వెళ్తున్నాం, వచ్చాక కొంటాను.

పెద్దబ్బాయి_ప్లేనో

ఆగాగు. పోయిన నెల రేంజ్‌కి ఏ బ్యాగు తీసుకెళ్లావు? అదే బ్యాగు ఇండియాకి తీసుకెళ్తున్నావా? అరలో ఒక్క తూటా మిగిలిపోయినా ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో దొరుకుతుంది, ఇండియాలో అది ఆయుధాల చట్టం కింద కేసు. తెలియక వచ్చిందని చెప్పుకుని బయటపడినవాళ్లు ఉన్నారు గానీ, ఫ్లైట్ పోయి, స్టేషన్‌లో కూర్చుని, లాయర్ని పెట్టుకున్నాక.

ఫ్రిస్కో_పాండు

లాప్‌టాప్ బ్యాక్‌ప్యాకే అన్నా. ఇప్పుడే మంచం మీద బోర్లించి దులిపాను. ఛార్జర్ పెట్టే జిప్పు అరలో 9 ఎంఎం ఒకటి ఉంది, లైవ్ తూటా. మా ఆవిడ పక్కనే నిలబడి చూస్తోంది, ఇంకా ఏం మాట్లాడలేదు.