మిర్చిలో కాయకుళ్ళుకి జీవ శిలీంధ్రనాశినులు పనిచేస్తాయా? వాడినవాళ్ళు చెప్పండి

ప్రత్తిపాడు మిర్చి:
అన్నలకి నమస్తే. మాది గుంటూరు పక్కన ప్రత్తిపాడు. పోయినేడు కొమ్మ ఎండు, కాయకుళ్ళు కలిసొచ్చి పడ్డాయి, మందు మీద మందు కొట్టినా పండుకాయ మీద నల్ల మచ్చలు వలయాలుగా వస్తూనే ఉన్నాయి, యార్డుకి తీసుకెళ్తే చాలావరకు తాలు (రంగు పోయిన నాసి కాయ) కిందే పోయింది. ఖర్చు ఒకెత్తు, కాయలో మందు అవశేషాలుంటే ఎగుమతివాళ్ళు కొనరన్న టెన్షన్ ఇంకోటి. ఈసారి ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి జీవ మందులతో గట్టెక్కుతామా?

దుగ్గిరాల పసుపు:
తమ్ముడూ, మేం పసుపులో దుంపకుళ్ళుకి ట్రైకోడెర్మానే వాడతాం. ప్యాకెట్ తెచ్చి ఉత్తినే చేలో చల్లితే దండగ. బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు కలిపి, నీళ్ళు చిలకరించి నీడలో గోనెపట్టాలు కప్పు. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. వారం పది రోజులకి తెల్లటి బూజు అల్లుకుని తర్వాత ఆకుపచ్చగా తిరుగుతుంది, అప్పుడు నేలలో తేమ చూసుకుని ఇదంతా ఒక ఎకరానికి చల్లుకో.

అగ్రి బీఎస్సీ, గుంటూరు:
అన్న చెప్పింది నేలలో ఉండే తెగుళ్ళకి, అంటే నారుకుళ్ళు, వేరుకుళ్ళు లాంటివాటికి చాలా మంచిది. కాయకుళ్ళు దారి వేరు. అది కొల్లెటోట్రైకమ్ శిలీంధ్రం, విత్తనంలోనూ పాత మోళ్ళలోనూ దాక్కుని వాన చినుకులతో చెట్టు నుంచి చెట్టుకి పాకుతుంది. అందుకే కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించి మొదలుపెట్టండి, తర్వాత మొక్కల మీద సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ లీటరు నీళ్ళకి 10 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక సాయంత్రం కొట్టండి. మచ్చ కనబడకముందే కొట్టాలి, వచ్చిన మచ్చని ఇది మాన్పదు.

ప్రత్తిపాడు మిర్చి:
మరి నారుమడిలో కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి ఉన్న బూజు మందు) పోస్తాం కదా, దాంతో కలిపెయ్యొచ్చా?

అగ్రి బీఎస్సీ, గుంటూరు:
వద్దండీ! ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, బూజుని చంపే మందు దాన్నీ దెబ్బతీస్తుంది, సూడోమోనాస్ బ్యాక్టీరియా అయినా రాగికి తట్టుకోలేదు. కనీసం రెండు వారాలు ఎడం ఇవ్వండి.

తెనాలి రైతుబిడ్డ:
కొనేటప్పుడు గడువు తేదీ చూడు అన్నా, ప్యాకెట్‌లో ఉన్నది ప్రాణమున్న సరుకు, ఎండలో పెట్టినది తీసుకోకు. ముసురు పట్టి కాయ పండే టైమ్‌లో మాత్రం వీటినొక్కటే నమ్ముకోకు, అప్పుడు లాం ఫారం (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం) వాళ్ళనడిగి ఒక మందు కొట్టడమే మేలు. మచ్చపడిన కాయలు, ఎండిన కొమ్మలు ఎప్పటికప్పుడు ఏరి తగలబెట్టు, గట్టు మీద కుప్ప పోస్తే మళ్ళీ అక్కణ్ణుంచే వస్తుంది.