అన్, ఇన్, డిస్... నెగెటివ్ మాటలు ఒక పట్టాన గుర్తుండట్లేదు

మారతహళ్ళి_పీజీ:
ఇక్కడ బెంగళూరులో కస్టమర్ సపోర్ట్ పని, రోజంతా ఇంగ్లిష్ మెయిల్సే. నెగెటివ్ పదాల లిస్టు బట్టీ పట్టినా రాసేటప్పుడు 'అన్‌పాసిబుల్', 'ఇన్‌హ్యాపీ' లాంటివి వచ్చేస్తున్నాయి. దేనికి ఏది తగిలించాలో ఎలా తెలుస్తుంది? ఇంకోటి, 'రాలేదా?' అని అడిగితే యెస్ అనాలా, నో అనాలా? వాక్యాలతో చెప్పండి ప్లీజ్.

సంధి_మాస్టారు:
లిస్టు పక్కన పెట్టేయండి. 'న్యాయం' ముందు 'అ' చేరి అన్యాయం అవుతుంది, అచ్చుతో మొదలయ్యే 'అర్హత' ముందు అదే 'అన్' అయి అనర్హత అవుతుంది కదా. ఇంగ్లిష్ 'ఇన్' కూడా అలాగే పక్క అక్షరాన్ని బట్టి వేషం మారుస్తుంది. ప, బ, మ పలకాలంటే పెదవులు మూయాలి, అందుకని 'న్' కాస్తా 'మ్' అవుతుంది: ఇంపాసిబుల్, ఇంబ్యాలెన్స్, ఇమ్మెచ్యూర్. ఎల్ ముందు ఇల్లీగల్, ఆర్ ముందు ఇర్రెగ్యులర్.

'అన్' మాత్రం ఎవరి ముందూ మారదు: అన్‌పాపులర్, అన్‌లిమిటెడ్, అన్‌రిలయబుల్. చివర 'ఎడ్' ఉన్న పదాలకి ఎక్కువగా ఇదే: అన్‌యూజ్డ్, అన్‌సోల్వ్డ్.

ఏ సూత్రానికీ లొంగనివి కొన్ని ఉన్నాయి, జంటగా నేర్చుకోండి: అనేబుల్ కానీ ఇనెబిలిటీ, అన్‌స్టేబుల్ కానీ ఇన్‌స్టెబిలిటీ, అన్‌జస్ట్ కానీ ఇన్‌జస్టిస్.

స్పెల్లింగ్‌కి చిట్కా: ముందు ముక్క, అసలు పదం విడివిడిగా రాసి అతికించండి. డిస్ ప్లస్ అపాయింట్ కాబట్టి ఒక్కటే ఎస్, రెండు పీలు. మిస్ ప్లస్ స్పెల్‌కి రెండు ఎస్‌లు. అన్‌నెసెసరీ మొదట్లో రెండు ఎన్‌లు. మెయిల్స్‌లో ఎక్కువ పరువు తీసేది ఆ డిసపాయింటే.

కామా_పిచ్చి:
మాస్టారు రూపం చెప్పారు, అర్థం కూడా చూడాలి. 'మిస్' అంటే లేకపోవడం కాదు, తప్పుగా జరగడం. పార్సిల్ ఇంకా చేరకపోతే అన్‌డెలివర్డ్. హెబ్బాళకి పోవాల్సింది హొస్కోటెలో ఇచ్చేస్తే మిస్‌డెలివర్డ్. అనింట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడు, డిసింట్రెస్టెడ్ అంటే ఏ పక్షమూ లేనివాడు (ఇంగ్లిష్ వాళ్ళూ కలిపేస్తుంటారు లెండి). ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ కట్టలేనంత గొప్పది. పెట్రోల్ ట్యాంకర్ మీద ఇన్‌ఫ్లేమబుల్ అని ఉంటే అంటుకోదని కాదు, భగ్గుమంటుందని! అక్కడ 'ఇన్' నెగెటివే కాదు.

ఓఆర్ఆర్_రైడర్:
యెస్, నో సంగతి. 'డిడ్‌న్ట్ యూ గెట్ ద ఇన్వాయిస్?' అన్నారు, మీకు రాలేదు. తెలుగులో 'అవును, రాలేదు' అంటాం, అడిగినవాడి మాటతో ఏకీభవిస్తాం కాబట్టి. ఇంగ్లిష్ చూసేది వచ్చిందా, రాలేదా అన్నదే: 'నో, ఐ డిడ్‌న్ట్.' వచ్చి ఉంటే 'యెస్, ఐ డిడ్.' ఉత్త 'యెస్' అంటే వచ్చిందనుకుని మళ్ళీ పంపరు.

'ఎవరూ రాలేదు'ని యథాతథంగా మార్చి 'నోబడీ డిడ్ నాట్ కమ్' అనకండి. నోబడీలోనే 'లేదు' అన్న అర్థం ఉంది: 'నోబడీ కేమ్.' హార్డ్లీ కూడా అంతే: 'ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ.' కాంట్ పెట్టొద్దు. అన్‌లెస్ పక్కన నాట్ చేరిస్తే అర్థం తిరగబడుతుంది: 'అన్‌లెస్ యూ పే బై ఫ్రైడే, ద లైన్ విల్ బి కట్.'

అన్నిటికన్నా ప్రమాదం మస్ట్ నాట్. 'యూ మస్ట్ నాట్ పే టుడే' అంటే కట్టకూడదు అని. 'ఇవాళ కట్టక్కర్లేదు'కి 'యూ డోంట్ హావ్ టు పే టుడే.'

మారతహళ్ళి_పీజీ:
థాంక్సండీ. రోజుకు ఎన్ని నేర్చుకోవచ్చు?

సంధి_మాస్టారు:
ఐదు చాలు. ఒక్కో దానికి మీ పనిలో పంపగలిగే వాక్యం ఒకటి రాయండి: 'వియ్ ఆర్ అనేబుల్ టు రిఫండ్ ద అమౌంట్ టుడే.' అనేబుల్ తర్వాత 'టు రిఫండ్', 'టు రిఫండింగ్' కాదు. మూడో రోజు, ఏడో రోజు ఆ పదం మీద వేలు పెట్టి మూసి, మిగతా వాక్యం చూసి చెప్పండి. తప్పినదాన్ని మర్నాటి ఐదులో కలపండి, కొత్తవి ఆ మేరకు తగ్గించండి.